కోత ఎక్కడో తెలియకుండా కసరత్తు ఎలా చెప్పాలి?

మన హాస్టల్ సంచికలో ఏటా సమయపాలన గురించి, తల్లిదండ్రుల త్యాగం గురించి, యువతపై సినిమాల ప్రభావం గురించి వ్యాసాలు వస్తూనే ఉంటాయి. ఈసారి సంపాదకవర్గంలోని తమ్ముళ్లు "మీరు చదివే చదువు గురించే రాయండన్నా, అదేంటో మాకెవరికీ తెలీదు" అన్నారు. నిజమే, మా ఇళ్లలోనూ ఎవరికీ తెలియదు. డిగ్రీ పట్టా పట్టిన మొదటి తరం మాది. ఇరవై మూడేళ్లకు ఎం.పి.టి.లో చేరామని చెబితే, ఊళ్లో పెద్దాయన ఒకరు ఎంపీటీసీగా గెలిచామనుకుని సంతోషించారు. కాదు తాతా, ఆపరేషన్లయిన వాళ్లను, పక్షవాతం వచ్చిన వాళ్లను లేపి నడిపించే చదువు అని చెప్పాల్సి వచ్చింది.

ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, కృత్రిమ కాళ్లు చేతులు తయారుచేసే కోర్సు, వీటన్నిటినీ కలిపి పునరావాస చదువులు అంటారు. మన హాస్టల్ నుంచి వెళ్లి వీటిలో చేరినవాళ్లం కొద్దిమందిమి ఉన్నాం. మా అందరినీ చాలాకాలంగా బాధపెడుతున్న విషయం ఒకటుంది. మాకు జనరల్ సర్జరీ ఒక పాఠ్యాంశం. అది ఉండాలి, ఇంకా బాగా ఉండాలి. కానీ ఇప్పుడు చెబుతున్న తీరులో మాత్రం ఉండకూడదు. ఇదీ మా అభిప్రాయం.

ఇప్పుడెలా చెబుతున్నారో ముందు చూద్దాం. ఆసుపత్రి నుంచి ఒక సర్జన్ గారు వారానికి రెండు గంటలు వస్తారు. ఆయన తప్పేమీ లేదు, వార్డు, ఓపీ, థియేటర్ అన్నీ చూసుకుని, అలసిపోయి వస్తారు. ఆయనకు తెలిసిన పాఠం మెడికోలకు చెప్పే పాఠం. 1932లో మొదటిసారి అచ్చయి నేటికీ సర్జరీ విద్యార్థులకు భగవద్గీతలా చెలామణి అవుతున్న బెయిలీ అండ్ లవ్ పుస్తకం ఉంది కదా, దాన్ని కుదించి, కండ తీసేసి, ఎముకల గూడు మా చేతిలో పెడతారు. పిత్తాశయంలో రాళ్లకు కారణాలు ఎన్ని? పుండ్లు ఎన్ని రకాలు? పుండు అంచులు ఎన్ని రకాలు? ఫలానా కత్తెర పేరేమిటి? మేము బట్టీ పడతాం, పాసవుతాం. పాసయిన మర్నాడు వార్డులో పొట్ట కోసిన మనిషి పక్కన నిలబడతాం. ఆ మనిషి ఊపిరి పైపైన పీలుస్తుంటాడు, దగ్గడానికి భయపడుతుంటాడు, ముక్కులో ఒక గొట్టం, పొట్ట పక్కన ఒక గొట్టం, మూత్రానికి ఒక గొట్టం. మేము నేర్చుకున్న పుండు అంచులు అక్కడ దేనికీ పనికిరావు.

అక్కడ పనికొచ్చేది వేరే ఉంది. పొట్ట పైభాగంలో నిలువునా పెద్ద కోత పడితే ఊపిరి తీసినప్పుడల్లా అది లాగుతుంది. నొప్పికి భయపడి మనిషి లోతుగా ఊపిరి తీయడు. ఊపిరితిత్తుల అడుగుభాగం గాలి అందక ముడుచుకుపోతుంది, అక్కడ కళ్లె పేరుకుంటుంది, అది పట్టుకుంటే న్యుమోనియా. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగినా మనిషి దీనితో పోవచ్చు. అదే మన ఊళ్లో 24 గంటల కడుపునొప్పి అంటామే, ఆ అపెండిక్స్ కోత కుడివైపు కింద చిన్నది. అందులో కండరాలను అడ్డంగా కోయకుండా పోగుల దారిలో విడదీస్తారు. ఊపిరికి అదంత అడ్డం రాదు. ఈ రెండు కోతల తేడా తెలియని విద్యార్థి ఇద్దరికీ ఒకటే కసరత్తు చెబుతాడు. తెలిసినవాడు మొదటివాడి పొట్టమీద దిండు పెట్టి, రెండు చేతులతో దాన్ని అదిమి పట్టించి, "ఇప్పుడు దగ్గు పెద్దాయనా, కుట్లు పిగలవు" అని ధైర్యం చెప్పి దగ్గిస్తాడు. దిండు చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. దాని వెనుక ఉన్నది సర్జరీ జ్ఞానమే.

ఇప్పుడు చాలా ఆపరేషన్లు చిన్న రంధ్రాలు పెట్టి చేస్తున్నారు. లోపల చోటు కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువు పంపుతారు. ఆ వాయువు వల్ల ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం పొర రేగుతుంది. ఆ పొర నరమూ, భుజం మీది చర్మం నరమూ మెడలో ఒకే చోట పుడతాయి కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. పిత్తాశయం తీసేసిన మర్నాడు "భుజం గుంజుతోంది" అని ఆమె అంటే, ఈ సంగతి తెలియని మా విద్యార్థి భుజానికి వేడి పెట్టే యంత్రం తెస్తాడు. తెలిసినవాడు రెండు మూడు రోజుల్లో తగ్గుతుందమ్మా అని చెప్పి లేపి నడిపిస్తాడు.

ఇదంతా మా గొప్ప కోసం చెబుతున్నామనుకోవద్దు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆసుపత్రుల్లో పొట్ట పైభాగంలో పెద్ద ఆపరేషన్ చేయించుకోబోతున్న 441 మందిని తీసుకున్నారు. సగం మందికి కరపత్రం ఇచ్చి ఊరుకున్నారు. మిగతా సగం మందికి కరపత్రంతో పాటు, ఆపరేషన్‌కు ముందే ఒక ఫిజియోథెరపిస్టు అరగంట కూర్చుని, ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తులకు ఏమవుతుందో చెప్పి, ఊపిరి కసరత్తులు నేర్పించారు. ఒక్క అరగంట, అంతే. ఊపిరితిత్తుల చిక్కులు మొదటివారిలో నూటికి 27 మందికి వస్తే, రెండోవారిలో 12 మందికే వచ్చాయి. మందు లేదు, యంత్రం లేదు, మాట ఉంది. కానీ ఆ మాట చెప్పాలంటే చెప్పేవాడికి రేపు థియేటర్లో ఏం జరగబోతోందో తెలిసి ఉండాలి కదా!

కాలు తీసేసే ఆపరేషన్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాం. ఎందుకంటే ఇది మన వాడల్లో ఎక్కువగా చూస్తున్నాం. షుగర్ ఉందని తెలియదు, చెప్పుల్లేకుండా చేలో నడుస్తారు, గాయమైతే తెలియదు, పసరు కడతారు, నల్లబడ్డాక ఆసుపత్రికి వస్తారు. సర్జన్ గారు మోకాలు దక్కించడానికి శాయశక్తులా చూస్తారు. మోకాలు మిగిలితే కృత్రిమ కాలుతో నడవడానికి పడే శ్రమ చాలా తగ్గుతుంది. మోకాలి కింద పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్ల ఎముక ఉంచి, వెనక పిక్క కండను ముందుకు మడిచి కుడతారు. కుట్టు ముందువైపు వస్తుంది, కింద మెత్తగా కండ ఉంటుంది. ఇంతవరకూ సర్జరీ.

మనిషి ఇంటికొస్తాడు. భార్యో, తల్లో నొప్పి తగ్గుతుందని మోకాలి కింద దిండు పెడతారు. ప్రేమతోనే పెడతారు. మోకాలు వంగి ఉంటే హాయిగా ఉంటుంది. నెల తిరిగేసరికి ఆ మోకాలు అలాగే వంగిపోయి, చాపితే చాగదు. వంగిన మోకాలికి కృత్రిమ కాలు సరిగా అమరదు. సర్జన్ గారు అంత కష్టపడి మిగిల్చిన మోకాలు ఒక దిండు వల్ల పనికిరాకుండా పోతుంది. దగ్గేవాడికి దిండు మందు, కాలు పోయినవాడికి దిండు విషం. ఈ ముక్క డిశ్చార్జి కాగితం మీద సాధారణంగా ఉండదు. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, అందులో మందుల పేర్లు ఉంటాయి, "రివ్యూ ఆఫ్టర్ టెన్ డేస్" అని ఉంటుంది. దిండు పెట్టవద్దని, రోజూ కొంతసేపు బోర్లా పడుకోబెట్టమని, మిగిలిన కాలికి ఎనిమిది అంకె ఆకారంలో కట్టు కట్టి వాపు తగ్గించమని చెప్పాల్సింది మేమే. ఎముక ఎంత ఉంచారు, కండను ఎటు మడిచారు, కుట్టు ఎక్కడుంది అన్నది మాకు తెలియకపోతే ఆ కట్టు సైతం సరిగా కట్టలేం.

జైపూర్ కాలు గురించి చాలామంది వినే ఉంటారు. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేఠీ అనే ఎముకల సర్జన్, రామచంద్ర శర్మ అనే శిల్పి కలిసి తయారుచేశారు. శర్మ గారికి పెద్ద చదువులు లేవు. కింద కూర్చునే, చెప్పుల్లేకుండా నడిచే, బురదలో దిగే మన మనిషికి తగిన రబ్బరు పాదం వాళ్లిద్దరి నుంచి వచ్చింది. శిల్పికి శరీరం లోపలి సంగతి చెప్పడానికి సర్జన్ వెనుకాడలేదు, సర్జన్‌కు రబ్బరు సంగతి చెప్పడానికి శిల్పి జంకలేదు. 1981లో సేఠీ గారికి మెగసెసే అవార్డు వచ్చింది. చదువుకున్న శర్మలను తయారుచేయాల్సిన మా కళాశాలల్లో సర్జన్‌కూ మాకూ మధ్య ఉన్న దూరం చూస్తే ఈ కథ గుర్తొస్తుంటుంది.

ఇంకో ఉదాహరణ మన పక్కనే ఉన్న వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీది. 1940ల చివర్లో డాక్టర్ పాల్ బ్రాండ్ అక్కడ కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు మొదలుపెట్టారు. కుష్ఠు వల్ల నరాలు చచ్చి వేళ్లు గోళ్లలా వంకరపోతాయి, బొటనవేలు ఎదురు తిరగదు. పని చేస్తున్న కండరం ఒకదాని టెండన్‌ను, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడును, విడదీసి పని చేయని చోట కలుపుతారు. ఉదాహరణకు ఉంగరపు వేలిని వంచే టెండన్లు రెండున్నాయి. అందులో ఒకదాన్ని తెచ్చి బొటనవేలికి కడతారు. మూడు వారాల పిండికట్టు తర్వాత విప్పి చూస్తే, బొటనవేలు కదపమంటే కదలదు. ఎందుకు? మెదడుకు అది ఇంకా ఉంగరపు వేలి తాడే. అప్పుడు థెరపిస్టు "ఉంగరపు వేలు వంచు" అనాలి. రోగి ఉంగరపు వేలు వంచాలనుకుంటాడు, బొటనవేలు కదులుతుంది! తన చేతిని తానే ఆశ్చర్యంగా చూసుకుంటాడు. అక్కడి నుంచి రోజూ సాధన చేయిస్తే మెదడు కొత్త దారి నేర్చుకుంటుంది. ఏ తాడు తెచ్చి ఎక్కడ కట్టారో తెలియని థెరపిస్టు నెల రోజులు "బొటనవేలు కదుపు, బొటనవేలు కదుపు" అని అరిచినా ఆ వేలు కదలదు. పైగా కొత్తగా కుట్టిన చోట తొందరపడి లాగితే తెగిపోతుంది. మా పాఠ్యపుస్తకాల్లో ఇంతకంటే మంచి సర్జరీ పాఠం ఉంటుందని మేమనుకోము.

ఇక జనం మమ్మల్ని అడిగే ప్రశ్నల సంగతి. సర్జన్ గారు రౌండ్స్‌లో మంచం దగ్గర నిలబడేది రెండు నిమిషాలు. వెనక పదిమంది ఉంటారు, ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు, రోగి నోరు విప్పడు. మేము అరగంట కూర్చుంటాం, తెలుగులో మాట్లాడతాం, చేయి పట్టుకుని నడిపిస్తాం. కాబట్టి మమ్మల్నే అడుగుతారు. "బాబూ, పప్పు తినొచ్చా? చీము పడుతుందంటున్నారు." ఈ ప్రశ్న వినని రోజు లేదు. కుట్లు మానడానికి కావాల్సిందే మాంసకృత్తులు. మాంసం కొనలేని ఇంట్లో పప్పు, గుడ్డు కూడా మాన్పిస్తే గాయం దేనితో మానాలి? ఆపరేషన్ అయినవాళ్లకు చారన్నం, రొట్టెముక్క పెట్టి పడుకోబెట్టే అలవాటును మా థెరపిస్టులం ఒక్కళ్లమే మాన్పించగలమని అనడం లేదు. అడిగినప్పుడు "నిరభ్యంతరంగా తినండి" అని తడబడకుండా చెప్పాలంటే గాయం ఎలా మానుతుందో తెలిసి ఉండాలి.

రెండో ప్రశ్న, "ఎప్పుడు పనికి పోవచ్చు?" కూలికి పోతే తప్ప గడవని ఇళ్లలో ఇదే అసలు ప్రశ్న. కుట్లు విప్పగానే గాయం మానిపోయిందని జనం నమ్మకం. నిజానికి మూడు వారాలకు ఆ చోట పాత చర్మానికి ఉన్న బలంలో అయిదో వంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే వస్తుంది. నెలలు గడిచినా నూటికి 80 వంతులకు మించి రాదు. హెర్నియా ఆపరేషనైన హమాలీ ఎన్నాళ్లకు బస్తా ఎత్తవచ్చు, ముందు ఎంత బరువుతో మొదలుపెట్టాలి, ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా ఎలా ఎత్తాలి? గర్భసంచి తీయించుకున్న అక్క నాట్లకు ఎప్పుడు వంగవచ్చు? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అన్ని ఆపరేషన్లు అవసరమా అన్నది వేరే పెద్ద చర్చ. అవసరమైనా కాకపోయినా ఆ కడుపులతో వాళ్లు మళ్లీ చేలోకే పోతున్నారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మన ఇళ్లవాళ్లు పెద్దాసుపత్రుల్లో ఆపరేషన్ బల్ల దాకా వెళ్లగలిగారు. అది గొప్ప మార్పు, కాదనలేం. బల్ల దిగిన తర్వాతి ఆరు నెలల గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

ఏం చేయకూడదో తెలియడం కూడా చదువే. ఆపరేషన్ తర్వాత మంచం మీదున్న మనిషికి పిక్క వాచి, నొప్పి, వేడి ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. పిక్క పట్టేసిందని నూనె రాసి మర్దన చేస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోయి ప్రాణమే పోవచ్చు. ఛాతీలో గొట్టం వేసిన రోగిని నడిపించేటప్పుడు సీసా ఛాతీకంటే కిందే ఉండాలి. పైకెత్తితే సీసాలో నీళ్లు వెనక్కి పోతాయి. రొమ్ము కేన్సర్ ఆపరేషన్లో చంకలోని గడ్డలు తీసేటప్పుడు ఒక సన్నని నరం దెబ్బతింటే వీపు రెక్క ఎముక బయటికి పొడుచుకొస్తుంది. అది చూసి గుర్తుపట్టేది, సర్జన్ గారికి చెప్పేది చాలాసార్లు థెరపిస్టే. ఇవి మాకు జనరల్ సర్జరీ క్లాసులో దొరకలేదు. వార్డులో సీనియర్ల వెంట తిరిగి ఏరుకున్నాం.

మా వాదనకు రెండు వైపుల నుంచీ అభ్యంతరాలున్నాయి. కొందరు డాక్టర్లు "కసరత్తులు చెప్పేవాళ్లకు సర్జరీ ఎందుకయ్యా?" అంటారు. వాళ్లకు పైన రాసిందే జవాబు. మావాళ్లలో కొందరు ఇంకో రకం. సర్జరీ సిలబస్ ఎంత లావుంటే మన గౌరవం అంత పెరుగుతుందని వాళ్ల లెక్క. 2025లో ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చా లేదా అని దేశమంతా రగడ జరిగింది కదా. ఆ రగడలో చొక్కాలు చించుకున్నవాళ్లలో ఎంతమంది ఆ ఏడాదే వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికను పేజీ తిప్పి చూశారో మాకు అనుమానమే. మేము సగం సర్జన్లం కావాలని కోరుకోవడం లేదు. కత్తి పట్టడం మాకు అక్కర్లేదు. కత్తి ఎక్కడ పట్టారో చెప్పండి చాలు.

2021లో అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం వచ్చింది, 2025లో ఫిజియోథెరపీకి దేశమంతటికీ ఒకే పాఠ్యప్రణాళిక వచ్చింది. కాగితం మీద మార్పు మొదలైంది కాబట్టి క్లాసులో మార్పు అడగడానికి ఇదే సమయం. సర్జరీ పాఠాన్ని జబ్బు పేరుతో కాక మంచం దగ్గర మొదలుపెట్టాలి. కోత ఎక్కడ పడింది, కింద ఏ కండరం తెగింది, దేన్ని దేనికి కుట్టారు, వేలాడే గొట్టాల్లో ఏది ఎందుకుంది, ఏ కదలిక ఎన్నాళ్లు వద్దు? ప్రతి ఆపరేషన్‌కూ ఈ ప్రశ్నలకు జవాబు చెబితే పాఠం అయిపోయినట్టే. సర్జన్ గారు ఒక్కరే కాకుండా అనుభవమున్న థెరపిస్టు కూడా అదే క్లాసులో ఉండాలి. ఆయన చేసింది ఆయన చెబితే, మర్నాడు తానేం చేయాలో ఈమె చెబుతుంది. ఏడాదికి కొన్నిసార్లయినా థియేటర్లో ఒక మూల నిలబడి చూడనివ్వాలి. కండరాన్ని పోగుల దారిలో విడదీయడం ఒక్కసారి చూస్తే పది పేజీల నోట్సు అక్కర్లేదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు లాటిన్ పేర్లు నోరు తిరగక వెనకబెంచీ చేరడం మేము చూశాం. రోగికి తెలుగులో చెప్పడం కూడా మార్కులున్న పరీక్షగా పెడితే ఆ వెనకబెంచీయే ముందుకొస్తుంది. ఇంగ్లీషు స్కూళ్ల పిల్లలు అప్పుడు మన దగ్గరికి "కళ్లె అంటే ఏమిటి" అని అడగడానికి వస్తారు. ఆ రోజు చూడాలని మాకు కొంచెం సరదాగా కూడా ఉంది.

పరీక్ష మారకపోతే పాఠం మారదని హాస్టల్లో చదివిన ఎవరికైనా తెలుసు. "పుండ్ల రకాలు రాయుము, పది మార్కులు" తీసేసి ఇలా అడగండి: "యాభై ఏళ్ల వ్యవసాయ కూలీకి నిన్న కుడి మోకాలి కింద కాలు తీసేశారు. ఎల్లుండి ఇంటికి పంపుతున్నారు. ఇల్లు మట్టి ఇల్లు, మంచం నులకది, ఇంట్లో చూసుకునేది భార్య ఒక్కతే. ఆమెకు ఏం చెబుతారు?"

ఇంటర్ బైపీసీ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ కోర్సుల గురించి అడగాలనుకుంటే, సంక్రాంతి సెలవులకు మేము నలుగురం వస్తాం. రెండో రోజు సాయంత్రం డైనింగ్ హాల్లో కూర్చుంటామని వార్డెన్ సార్‌కు చెప్పి ఉంచాం.